ఐదుగురు రోగుల నుంచి పదకొండు వేల మంది వరకు: ప్లాస్మా చికిత్స నేర్పిన పాఠం

2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో విడత దేశాన్ని కుదిపివేసింది. ఆసుపత్రి పడక కోసం, ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు తీసిన కుటుంబాలు ప్లాస్మా కోసం కూడా అంతే ఆరాటంగా వెతికాయి. ఫలానా రక్తవర్గానికి చెందినవారు, ఇటీవలే కొవిడ్ నుంచి కోలుకున్నవారు ఎవరైనా ఉంటే వెంటనే సంప్రదించాలంటూ వాట్సాప్ బృందాల్లో సందేశాలు రాత్రింబవళ్లు తిరిగాయి. ఆ ఏడాది మే 17న వయోజన రోగుల కొవిడ్ చికిత్సకు సంబంధించిన జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మా చికిత్సను తొలగించారు. నిన్నటిదాకా ప్రాణం నిలబెడుతుందని నమ్మిన చికిత్స నేడు ఎందుకు పనికిరాకుండా పోయిందన్న ప్రశ్న అప్పట్లో చాలామందిని వేధించింది.

నిజానికి ప్లాస్మా గుణం ఆ ఒక్కరోజులో మారలేదు. దాని ప్రభావంపై భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, స్వయంగా నిర్వహించిన పరీక్ష ఫలితాలు అంతకు దాదాపు ఏడు నెలల ముందే వెలువడ్డాయి. కొద్దిమంది రోగుల్లో కనిపించిన ఆశాజనకమైన ఫలితం ఎక్కువమందిని పరీక్షించినప్పుడు నిలబడలేదు. వైద్య పరిశోధనలో ఇది అరుదైన సంఘటన కాదు. తొలి ఫలితాన్ని పెద్ద సంఖ్యలో పరీక్షించి నిర్ధారించుకోవడం ఎందుకు అవసరమో, అలా చేయకముందే దానిని నమ్మితే ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తారో తెలుసుకోవడానికి ప్లాస్మా ఉదంతం మన కళ్లముందు జరిగిన ఉదాహరణ.

ఆశకు ఆధారం ఏమిటి?

రక్తంలోని కణాలను వేరు చేయగా మిగిలే పసుపుపచ్చని ద్రవమే ప్లాస్మా. ఒక అంటువ్యాధి నుంచి కోలుకున్న వ్యక్తి ప్లాస్మాలో ఆ వ్యాధికారక క్రిమిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. వాటిని తీసి రోగికి ఎక్కిస్తే అతడికి అరువు రక్షణ లభిస్తుందన్నది ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన. ఇది కొత్తది కాదు. కంఠసర్పి వ్యాధికి రోగనిరోధక రక్తరసాన్ని వాడవచ్చని 1890లో నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫాన్ బేరింగ్‌కు 1901లో వైద్యరంగంలో తొట్టతొలి నోబెల్ బహుమతి లభించింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలోనూ కోలుకున్నవారి రక్తరసాన్ని వైద్యులు ఉపయోగించారు.

అందువల్ల కొవిడ్ వచ్చినప్పుడు వైద్యుల దృష్టి సహజంగానే ప్లాస్మాపైకి మళ్లింది. చైనాలోని షెన్‌జెన్ నగరంలో విషమ స్థితిలో ఉన్న ఐదుగురు రోగులకు ప్లాస్మా ఎక్కించగా వారి పరిస్థితి మెరుగుపడిందని 2020 మార్చి చివర్లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక నివేదిక ప్రచురితమైంది. ముగ్గురు ఇంటికి వెళ్లారని, మిగిలిన ఇద్దరి స్థితి నిలకడగా ఉందని అందులో పేర్కొన్నారు. ప్రపంచమంతా మందు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. వార్త క్షణాల్లో ఖండాలు దాటింది. భారతదేశంలోనూ అనేక ఆసుపత్రులు ప్లాస్మా ఎక్కించడం మొదలుపెట్టాయి. 2020 జులై 2న ఢిల్లీలో కాలేయ, పిత్త శాస్త్రాల సంస్థలో ప్లాస్మా బ్యాంకును ప్రారంభించారు.

షెన్‌జెన్ వైద్యులు తమ నివేదికలో అసత్యమేమీ రాయలేదు. రోగుల సంఖ్య చాలా తక్కువని, పోల్చి చూడటానికి మరో బృందం లేదని, ఆ ఐదుగురికీ స్టెరాయిడ్లు, వైరస్ నిరోధక మందులు కూడా ఇచ్చామని వారే స్పష్టం చేశారు. ప్రయోజనం ఉందో లేదో తేల్చేందుకు సక్రమమైన పరీక్షలు జరగాలని సూచించారు. అయితే వార్త ప్రయాణించిన వేగంతో ఆ హెచ్చరిక ప్రయాణించలేదు.

ఒక మెతుకు చాలదా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు అంటారు. వంటింట్లో అది అక్షరాలా నిజం. ఒకే రకం బియ్యం, ఒకే గిన్నె, ఒకే మంట, ఒకే సమయం కాబట్టి ఒక మెతుకు మిగిలిన మెతుకులన్నింటికీ సాక్ష్యం చెప్పగలదు. మనుషుల విషయంలో ఆ సూత్రం చెల్లదు. వయసు, ఇతర జబ్బులు, పోషణ, వ్యాధి మొదలైన ఎన్నో రోజున ఆసుపత్రికి చేరారు, ఏ వైద్యుడు చూశారు వంటి అంశాలన్నీ ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. ఒకే మందు వాడిన ఇద్దరిలో ఒకరు కోలుకుని మరొకరు మరణించవచ్చు. మందు వాడకపోయినా కోలుకునేవారు ఉంటారు.

దీనికి తోడు కేవలం యాదృచ్ఛికత ఉంటుంది. నాణేన్ని 10 సార్లు ఎగురవేశామనుకుందాం. ఏ మోసమూ లేని నాణెమైనా ఏడు లేదా అంతకంటే ఎక్కువసార్లు బొమ్మ పడే అవకాశం దాదాపు 17 శాతం. అంటే ఆరుగురు ఈ ఆట ఆడితే వారిలో ఒకరికి అలాంటి ఫలితం రావడం మామూలే. అదే నాణేన్ని 100 సార్లు ఎగురవేస్తే 70 లేదా అంతకంటే ఎక్కువసార్లు బొమ్మ పడే అవకాశం దాదాపు 25 వేలలో ఒక వంతు మాత్రమే. రెండు సందర్భాల్లోనూ నిష్పత్తి 70 శాతమే. పదిసార్లలో వచ్చిన 70 శాతం దాదాపు ఏమీ చెప్పదు. వందసార్లలో వచ్చిన 70 శాతం ఆ నాణెంలో ఏదో తేడా ఉందని గట్టిగా చెబుతుంది.

చికిత్సల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. పది మందిలో ఏడుగురు కోలుకున్నారన్న వార్త వినసొంపుగా ఉంటుంది. ఆ ఏడుగురిలో మందు వల్ల కోలుకున్నవారు ఎందరో, దానంతట అదే నయమైనవారు ఎందరో ఆ సంఖ్య చెప్పలేదు. పైగా లోకంలో ఒకే ఆలోచనను అనేక ఆసుపత్రులు కొద్దిమందిపై ప్రయత్నిస్తాయి. బాగా వచ్చిన ఫలితాలు పత్రికలకు ఎక్కుతాయి. ఏమీ తేలని ఫలితాలు సాధారణంగా బీరువాల్లోనే ఉండిపోతాయి. నాణెం ఆట ఆడిన ఆరుగురిలో ఏడు బొమ్మలు పడినవాడి కథ మాత్రమే మనకు చేరుతుందన్నమాట. తొలి ఫలితాలు తరచుగా అసలు ప్రభావం కంటే ఘనంగా కనిపించడానికి ఇది ముఖ్య కారణం.

సంఖ్య పెద్దదైతే చాలునా?

అయితే ఎక్కువమందిని చేర్చినంత మాత్రాన నిజం తేలిపోతుందనుకోవడం కూడా పొరపాటే. దీనికి కూడా ప్లాస్మా చరిత్రే ఉదాహరణ. అమెరికాలో మేయో క్లినిక్ ఆధ్వర్యంలో నడిచిన విస్తృత వినియోగ కార్యక్రమంలో 35 వేల మందికి పైగా రోగుల వివరాలను 2020 ఆగస్టులో విశ్లేషించారు. వ్యాధి నిర్ధారణ అయిన మూడు రోజుల్లోపు ప్లాస్మా పొందినవారిలో ఏడు రోజుల్లో 8.7 శాతం మంది మరణించగా, నాలుగు రోజులు లేదా ఆ తరువాత పొందినవారిలో 11.9 శాతం మంది మరణించారు. ఆ నెల 23న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ప్లాస్మాకు అత్యవసర వినియోగ అనుమతి ఇచ్చింది. ప్రతి వందమందిలో 35 మంది ప్రాణాలు దక్కుతాయన్న అర్థం వచ్చేలా మాట్లాడిన ఆ సంస్థ అధిపతి, విమర్శలు రావడంతో తన వ్యాఖ్యను సరిదిద్దుకోవలసి వచ్చింది.

35 వేలు చిన్న సంఖ్య కాదు. కానీ అందులో ప్లాస్మా అసలు పొందనివారి బృందమే లేదు. తొందరగా పొందినవారిని, ఆలస్యంగా పొందినవారిని మాత్రమే పోల్చారు. తొందరగా చికిత్స అందినవారు మొదటినుంచీ కాస్త మెరుగైన స్థితిలో ఉన్నారేమో, వారికి ఇతర వైద్యం కూడా వేగంగా అందిందేమో ఆ లెక్క పూర్తిగా తేల్చలేదు. పోలిక సరిగా లేనప్పుడు సంఖ్య పెరిగేకొద్దీ తప్పు తగ్గదు. ఆ తప్పుపై నమ్మకం మాత్రం పెరుగుతుంది.

సరైన పోలికకు వైద్యశాస్త్రం కనిపెట్టిన మార్గం లాటరీ వంటి యాదృచ్ఛిక కేటాయింపు. అంగీకారం తెలిపిన రోగుల్లో ఎవరికి కొత్త చికిత్స ఇవ్వాలో, ఎవరికి సాధారణ వైద్యం మాత్రమే కొనసాగించాలో వైద్యుడు గానీ రోగి గానీ నిర్ణయించరు. చీటీ తీసినట్టుగా అది నిర్ణయమవుతుంది. రోగుల సంఖ్య తగినంత ఉంటే వృద్ధులు, మధుమేహులు, ఆలస్యంగా వచ్చినవారు రెండు వైపులకూ దాదాపు సమంగా చేరతారు. ఇక చివరికి రెండు బృందాల మధ్య కనిపించే తేడాకు చికిత్సే కారణమని చెప్పడానికి వీలుంటుంది.

దేశంలోని 39 ఆసుపత్రుల పరీక్ష

ఐసీఎంఆర్ సరిగ్గా ఈ పనే చేసింది. ప్లాసిడ్ అనే పేరుతో 2020 ఏప్రిల్ 22 నుంచి జులై 14 వరకు దేశంలోని 39 ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో మధ్యస్థ తీవ్రత గల 464 మంది వయోజన రోగులను పరీక్షలో చేర్చింది. వారిలో 235 మందికి సాధారణ వైద్యంతో పాటు ప్లాస్మా ఇచ్చారు. 229 మందికి సాధారణ వైద్యం మాత్రమే అందించారు. 28 రోజుల్లో వ్యాధి తీవ్రమైనవారు లేదా మరణించినవారు ఎందరన్నది ప్రధాన ప్రశ్న.

అక్టోబరు 22న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన సమాధానం నిరాశ కలిగించింది. ప్లాస్మా పొందిన బృందంలో 44 మంది, అంటే 19 శాతం, విషమించారు లేదా మరణించారు. పొందని బృందంలో 41 మందికి, అంటే 18 శాతం మందికి అదే జరిగింది. రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు.

ఇందులో గమనించదగిన మరో అంశం ఉంది. ఏడో రోజుకు ఆయాసం, నీరసం తగ్గినవారు ప్లాస్మా బృందంలో కొంత ఎక్కువగా కనిపించారు. పరీక్షలో వైరస్ లేదని తేలినవారు కూడా ఆ బృందంలోనే ఎక్కువ. చిన్న పరిశీలనలో వైద్యుడి కంటికి మొదట కనబడేవి ఇలాంటి మార్పులే. మందు పనిచేస్తోందన్న నమ్మకం అక్కడే పుడుతుంది. రోగి బతుకుతాడా లేదా అన్న అసలు ప్రశ్నకు మాత్రం అవి సమాధానం కాలేకపోయాయి.

464 మంది సరిపోయారా?

ప్లాసిడ్ ఫలితం వచ్చిన తరువాత కూడా వాదన ముగియలేదు. మరింత ముందుగా ఇస్తే, ప్రతిరక్షకాలు సమృద్ధిగా ఉన్న ప్లాస్మా ఇస్తే ఫలితం ఉండవచ్చని కొందరు వైద్యులు భావించారు. మన దేశంలో పరిమిత వినియోగానికి వీలు కొనసాగింది. ఆ వాదనలో శాస్త్రీయమైన అంశం కొంత ఉంది. 464 మంది ఒక ప్రశ్నకు సరిపోతారు, మరో ప్రశ్నకు సరిపోరు.

ఈ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. సాధారణంగా వందమంది రోగుల్లో 18 మంది విషమిస్తున్నారనుకుందాం. కొత్త చికిత్స ఆ సంఖ్యను సగానికి, అంటే తొమ్మిదికి తగ్గిస్తుందన్న ఆశ ఉంటే, దానిని పట్టుకోవడానికి గణాంక శాస్త్రంలో వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం రెండు బృందాల్లో కలిపి దాదాపు 450 మంది చాలు. ఆ చికిత్స 18ని 16కు మాత్రమే తగ్గించగలిగితే, ఆ చిన్న తేడాను అదృష్టం నుంచి విడదీయడానికి దాదాపు 11 వేల మంది కావాలి. వందకు ఇద్దరు తక్కువ సంఖ్యేనని కొట్టిపారేయలేం. లక్షలాది మంది రోగులున్న మహమ్మారిలో అది వేల ప్రాణాలకు సమానం.

ఆ పరిమాణంలో పరీక్ష జరపగలిగింది బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 177 ఆసుపత్రుల్లో 11,558 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విభజించారు. 28 రోజుల్లో ప్లాస్మా పొందిన 5,795 మందిలో 1,399 మంది, పొందని 5,763 మందిలో 1,408 మంది మరణించారు. రెండు వైపులా 24 శాతమే. ఈ వివరాలు లాన్సెట్ పత్రికలో 2021 మే 14న ప్రచురితమయ్యాయి. మూడు రోజుల తరువాత మన మార్గదర్శకాల నుంచి ప్లాస్మా చికిత్సను తొలగించారు.

పెద్ద పరీక్ష ఆశను నిలబెట్టిన సందర్భం

పెద్ద పరీక్షలు ఆశలను కూల్చడానికే ఉన్నాయనుకుంటే అది సరికాదు. అదే రికవరీ పరిశోధన మరో ప్రశ్నకు ఎంతో మేలైన సమాధానం ఇచ్చింది. డెక్సామెథసోన్ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న చవకైన స్టెరాయిడ్. స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కనుక కొవిడ్ రోగులకు ఇస్తే కీడు జరుగుతుందని కొందరు, ఊపిరితిత్తుల వాపు తగ్గి మేలు జరుగుతుందని మరికొందరు భావించారు. చిన్న పరిశీలనలు రెండు వైపులా సాక్ష్యం పలికాయి.

2020 జూన్ 16న రికవరీ పరిశోధకులు తమ ఫలితాన్ని ప్రకటించారు. 2,104 మందికి డెక్సామెథసోన్ ఇచ్చారు, 4,321 మందికి సాధారణ వైద్యం మాత్రమే కొనసాగించారు. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 శాతం నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం మేలు కనిపించలేదు. వారిలో మందు పొందినవారి మరణాలు 17.8 శాతం కాగా, పొందనివారిలో 14 శాతమే.

ఈ మూడో సంఖ్య విలువ మన దేశంలో రెండో విడత సమయంలో తెలిసివచ్చింది. స్వల్ప లక్షణాలు ఉన్నవారు కూడా ఇంట్లో స్టెరాయిడ్ మాత్రలు వాడటం, అదుపులేని మధుమేహం తోడవడం బ్లాక్ ఫంగస్ కేసులు పెరగడానికి ముఖ్య కారణాలని వైద్య నిపుణులు హెచ్చరించారు. మందు ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో విడివిడిగా చెప్పగలగడం వేలాది మందిని పరీక్షించినప్పుడే సాధ్యమైంది. పదిమంది రోగుల పరిశీలనలో ఆ తేడా కంటికి ఆనేదే కాదు.

టీకాకు 25 వేల మంది ఎందుకు?

టీకాల విషయంలో ఇంకా పెద్ద సంఖ్యలు అవసరం. కారణం సులభం. చికిత్సా పరీక్షలో ఉన్నవారంతా రోగులే. టీకా పరీక్షలో ఉన్నవారంతా ఆరోగ్యవంతులు. వారిలో ఎక్కువమందికి ఆ కొన్ని నెలల్లో వ్యాధి సోకదు.

హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్, ఐసీఎంఆర్ కలిసి రూపొందించిన కొవాగ్జిన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. తొలి దశలో 375 మందిని, రెండో దశలో 380 మందిని పరీక్షించారు. టీకా సురక్షితమేనా, ఎంత మోతాదు ఇవ్వాలి, శరీరంలో ప్రతిరక్షకాలు తయారవుతున్నాయా అన్నవి ఆ దశల ప్రశ్నలు. వ్యాధిని నిజంగా ఆపుతుందా అన్న ప్రశ్నకు మూడో దశలో 25,798 మందిని చేర్చారు. సామర్థ్యాన్ని లెక్కించిన దాదాపు 17 వేల మందిలో లక్షణాలతో కూడిన కొవిడ్ సోకినవారు 130 మంది మాత్రమే. వారిలో 24 మంది టీకా పొందినవారు, 106 మంది ఉత్తుత్తి టీకా పొందినవారు. 77.8 శాతం రక్షణ అన్న అంచనా ఈ 130 మంది నుంచే వచ్చింది. రెండో దశలోని 380 మందితోనే ఈ ప్రశ్న అడిగి ఉంటే, అదే లెక్కన వ్యాధి సోకేది దాదాపు ముగ్గురికి. ముగ్గురిని చూసి టీకా పనిచేస్తుందని గానీ, పనిచేయదని గానీ ఎవరూ చెప్పలేరు.

అరుదైన దుష్ప్రభావాల విషయంలోనూ ఇదే ఇబ్బంది. మూడు వేల మందికి మందు ఇచ్చి ఒక్కరిలోనూ ఒక దుష్ప్రభావం కనిపించకపోతే అది లేనే లేదని అనలేం. వెయ్యిమందిలో ఒకరికి రావచ్చునన్న అవకాశాన్ని కూడా ఆ పరీక్ష పూర్తిగా తోసిపుచ్చలేదని గణాంక శాస్త్రం చెబుతుంది. మందు మార్కెట్లోకి వచ్చిన తరువాత కూడా నిఘా కొనసాగించడానికి కారణం ఇదే.

మదనపల్లె, చెంగల్పట్టు చెప్పిన సంగతి

ఎంతమందిని పరీక్షించారన్నది ఎంత ముఖ్యమో, ఎవరిని, ఎక్కడ, ఎంతకాలం పరీక్షించారన్నదీ అంతే ముఖ్యం. క్షయవ్యాధి నివారణకు ఇచ్చే బీసీజీ టీకా చరిత్ర దీనికి సాక్ష్యం. 1950లో బ్రిటన్‌లో పాఠశాల చదువు ముగిస్తున్న దాదాపు 54 వేల మంది కిశోరులపై మొదలైన పరీక్షలో బీసీజీ దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చినట్టు తేలింది. అది చిన్న పరీక్ష కాదు, లోపభూయిష్టమైనదీ కాదు. ఆ దేశంలో, ఆ వయసువారి విషయంలో ఆ ఫలితం నిజమే.

అదే ఫలితం మన గ్రామాల్లోనూ వస్తుందా? దాదాపు అదే కాలంలో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం కేంద్రంగా పరిశోధకులు చుట్టుపక్కల గ్రామాల్లో బీసీజీ ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ తరువాత ఇంకా పెద్ద ప్రయత్నం 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లా తిరువళ్లూరు ప్రాంతంలో ప్రారంభమైంది. ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం కలిసి చేపట్టిన ఆ పరీక్షలో రెండున్నర లక్షలకు పైగా ప్రజలకు బీసీజీ లేదా ఉత్తుత్తి టీకా ఇచ్చారు. ఏడున్నర సంవత్సరాల పరిశీలనలో ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ కనిపించలేదు. 15 సంవత్సరాల పరిశీలన తరువాత 1999లో ప్రచురించిన నివేదిక కూడా పెద్దలకు రక్షణ లేదని, పిల్లలకు లభించినది స్వల్పమేనని తేల్చింది.

ఉష్ణప్రాంతాల మట్టిలో, నీటిలో ఉండే క్షయకారక క్రిమి జాతికి చెందిన ఇతర సూక్ష్మజీవులు ఇక్కడి ప్రజల శరీరాలకు ముందే పరిచయమై ఉండటం వల్ల టీకా ప్రభావం మరుగున పడి ఉండవచ్చన్నది శాస్త్రవేత్తలు సూచించిన ముఖ్య వివరణల్లో ఒకటి. పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి బీసీజీ కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డలకు దానిని ఇవ్వడం నేటికీ కొనసాగుతోంది. దానితో పెద్దల్లో క్షయ వ్యాప్తిని అరికట్టవచ్చన్న ఆశకు మాత్రం చెంగల్పట్టు ఫలితం గట్టి దెబ్బ తగిలించింది. పరాయిదేశపు పరీక్షను యథాతథంగా స్వీకరించి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

చికిత్స అందనివారికి అన్యాయమా?

ఇలాంటి పరీక్షలపై సామాన్యులకు కలిగే సందేహం ఒకటుంది. మంచి మందు అని నమ్ముతున్నప్పుడు సగం మందికి దానిని ఇవ్వకపోవడం న్యాయమేనా? ప్రశ్న సహజమైనదే. మందు నిజంగా మంచిదని ముందే రుజువై ఉంటే అలా ఇవ్వకపోవడం అన్యాయమే అవుతుంది, పరీక్షకు నైతిక అనుమతి కూడా లభించదు. తెలియనప్పుడే పరీక్ష జరుగుతుంది. ప్లాసిడ్‌లో ప్లాస్మా పొందని 229 మంది నష్టపోలేదని ఫలితం చూపింది. డెక్సామెథసోన్ విషయంలో మేలు స్పష్టం కాగానే దానిని రోగులకు విస్తృతంగా ఇవ్వడం మొదలైంది. పరీక్ష జరగకుండానే అందరికీ ఇచ్చి ఉంటే పనికిరాని మందూ, పనికివచ్చే మందూ ఒకే వరుసలో నిలిచేవి.

నిరూపణ లేని చికిత్సకు ఉండే ఖరీదు ఆ మందు ధరతో ఆగదు. రెండో విడతలో ప్లాస్మా దాత కోసం తిరిగిన బంధువు ఆ గంటలను రోగి పక్కన గడపలేకపోయాడు. రక్తనిధి కేంద్రాల సిబ్బంది శ్రమ అటు మళ్లింది. దాత దొరకనందువల్లే తమవారిని కాపాడుకోలేకపోయామన్న వేదన ఎన్నో ఇళ్లలో మిగిలిపోయింది. ప్లాస్మా దొరికి ఉన్నా ఫలితంలో తేడా ఉండేది కాదని ఇప్పటి ఆధారాలు చెబుతున్నాయి. ఆ కుటుంబాలకు చేరవలసిన సమాచారం ఇది.

వార్త చదివేటప్పుడు అడగవలసినవి

కొత్త మందు, కొత్త టీకా, కొత్త ఆహార నియమం గురించిన వార్తలు రోజూ వస్తూనే ఉంటాయి. వాటిని చదివేటప్పుడు పాఠకులు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఎంతమందిపై పరీక్షించారు? మందు పొందని బృందంతో పోల్చారా? ఎవరికి మందు ఇవ్వాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారా? కొలిచినది ప్రాణం, ఆసుపత్రి చేరిక వంటి అసలు ఫలితమా, లేక రక్తపరీక్షలో కనిపించిన మార్పు మాత్రమేనా? పరీక్షలో పాల్గొన్నవారు వయసులో, ప్రాంతంలో, వ్యాధి తీవ్రతలో మనవంటివారేనా? మరొక బృందం వేరొక చోట ఇదే ఫలితం సాధించిందా? చివరి ప్రశ్నకు సమాధానం లేనప్పుడు ఆ వార్తను ఆశగా స్వీకరించవచ్చు గానీ, వైద్యుడిని అడగకుండా వాడుతున్న మందు మానేయడానికో, కొత్తది మొదలుపెట్టడానికో అది ఆధారం కాదు.

ఇందుకు తోడ్పడే వ్యవస్థ మన దేశంలో ఉంది. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో 2007 జులైలో ప్రారంభమైన భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో పరీక్ష వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఔషధాల క్లినికల్ పరీక్షలను అందులో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. ఎంతమందిని చేర్చబోతున్నారో, ఏ ఫలితాన్ని కొలవబోతున్నారో ముందే ప్రకటించవలసి ఉండటం వల్ల, తరువాత అనుకూలమైన అంకెను ఏరుకుని చూపడం కష్టమవుతుంది. అనుకూలం కాని ఫలితాన్ని బయటపెట్టకుండా దాచడమూ అంత సులభం కాదు.

ప్లాసిడ్ పరీక్షలో చేరిన 464 మందిలో ఎవరికీ తమకు ఏ చికిత్స దక్కుతుందో ముందుగా తెలియదు. మహమ్మారి తొలి నెలల భయం మధ్య ఆసుపత్రి పడక మీద ఉండి వారు, లేదా వారి తరఫున కుటుంబసభ్యులు అంగీకార పత్రంపై సంతకం చేశారు. ప్లాస్మా ఆ వ్యాధిలో ప్రాణాలు నిలబెట్టడం లేదని మన దేశానికి మొదట ఆధారంతో చెప్పగలిగినది వారి వల్లనే. రేపు మరో అంటువ్యాధి వచ్చి, ఐదుగురు రోగులు కోలుకున్నారన్న వార్త వెలువడిన రోజున కూడా ఇలా ముందుకు వచ్చేవారు వందల్లో, వేలల్లో కావాలి. ఆ పరీక్ష ముగిసేవరకు వేచిచూసే ఓపిక మిగిలినవారికి ఉండాలి.